ఎవరో చూస్తున్నారని మనం మానేసిన పనులు: రోజువారీ నిఘాను గుర్తించి తగ్గించుకోవడానికి సమగ్ర మార్గదర్శి

సెర్చ్ బాక్సులో ఏదో జబ్బు పేరు సగం టైప్ చేసి, ‘ఇది హిస్టరీలో ఉండిపోతే?’ అన్న ఆలోచన రాగానే చెరిపేస్తాం. డాక్టర్ని అడగడానికి మొహమాటపడి ఇంటర్నెట్‌నైనా అడుగుదామనుకున్న ప్రశ్న అది. తీరా చూస్తే అక్కడా ఎవరో ఉన్నట్టే అనిపించింది. ఎవరూ వద్దనలేదు, మనమే ఆగిపోయాం.

2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా ప్రభుత్వ నిఘా కార్యక్రమాల వివరాలు బయటపెట్టాడు. ఆ తర్వాత జనం వికీపీడియా చదివే తీరు ఏమైనా మారిందా అని జొనాథన్ పెన్నీ అనే పరిశోధకుడు లెక్కలు తీసి 2016లో ప్రచురించాడు. ఉగ్రవాదంతో ముడిపడిన అంశాల మీద ఉన్న వ్యాసాలను తెరిచేవాళ్లు గట్టిగా తగ్గిపోయారని తేలింది. ఆ వ్యాసాలు చదవడం నేరమేమీ కాదు, వాటిని ఎవరూ తీసెయ్యలేదు కూడా. చదవాలనుకున్నవాళ్లే వెనక్కి తగ్గారు.

నిఘా మాట ఎత్తగానే ‘మన డేటా ఎవరి చేతికి పోతోంది’ అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. అది ముఖ్యమే. కానీ అడగకుండా వదిలేసిన ప్రశ్న, పంపకుండా చెరిపేసిన మెసేజ్, వెళ్లకుండా మానుకున్న చోటు, వీటి లెక్క ఏ సర్వర్‌లోనూ దొరకదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఆ నష్టమే. అందుకే ఈ మార్గదర్శి సెట్టింగ్స్‌తో మొదలవదు. మన ప్రవర్తన ఎక్కడెక్కడ మారిపోయిందో ముందు చూసుకుందాం. ఫోన్ సంగతి ఆ తర్వాత.

అడుగు 1: ఒక వారం పాటు మీ వెనకడుగులు రాసుకోండి

కాగితం, పెన్ను చాలు. ఫోన్‌లోని నోట్స్ యాప్ వద్దు. రాసింది ఎవరైనా చూస్తారేమోనన్న అనుమానం అక్కడ కూడా మొదలైతే నిజం రాయలేరు. ‘ఎవరైనా చూస్తారు’ అనిపించి ఏదైనా మానేసినా, మార్చుకున్నా, వాయిదా వేసినా ఒక వాక్యం రాయండి. ఏం చేయాలనుకున్నారు, చివరికి ఏం చేశారు, ఎవరు చూస్తారనుకున్నారు: ఈ మూడూ అందులో ఉండాలి.

ఒక మామూలు సందర్భం తీసుకుందాం. స్నేహితురాలి నుంచి పెద్ద మెసేజ్ వచ్చింది. తెరిస్తే బ్లూ టిక్ పడుతుంది, పడిందంటే వెంటనే జవాబివ్వాలి. అందుకని స్క్రీన్ పైనుంచి నోటిఫికేషన్‌ని వేలితో కిందికి లాగి, కనబడిన నాలుగు లైన్లు చదివి, మిగతాది ఊహించుకుని వదిలేస్తాం. లాస్ట్ సీన్ కనబడుతుందని కాసేపు ఆ యాప్ జోలికే వెళ్లం. ఈలోగా ఇంకొకరు పంపిన అవసరమైన మెసేజ్ కూడా అలాగే ఉండిపోతుంది. దీన్ని కాగితం మీద ఇలా రాయొచ్చు: ‘మెసేజ్ మొత్తం చదవాలనుకున్నాను. సగమే చదివాను. చదివానని తెలిస్తే తను జవాబు కోసం ఎదురుచూస్తుందని.’

ఇంత చిన్న విషయం రాయాలా అనిపించొచ్చు. రాయండి. రోజువారీ నిఘా మనల్ని మార్చేది ఇలాంటి చిన్న చిన్న చోట్లే. ఒక పోస్టుకి లైక్ కొట్టబోయి ఆఫీసువాళ్లు చూస్తారని ఆగడం, కెమెరా ఉన్న లిఫ్టులో నిటారుగా నిలబడటం, ఇంట్లోవాళ్లకి లొకేషన్ కనబడుతుందని ఒంటరిగా కాసేపు కూర్చోవాలనుకున్న పార్కుకి వెళ్లకుండా తిన్నగా ఇంటికి రావడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

చేతికున్న వాచీ గురించి కూడా రాయండి. పడుకోబోయే ముందు పదివేల అడుగులు పూర్తి కాలేదని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారంటే, అక్కడ మిమ్మల్ని గమనిస్తున్నది ఒక అంకె. ఆ పదివేలు వైద్యులు తేల్చిన హద్దేమీ కాదు. 1960ల మధ్యలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చినప్పుడు దాని పేరులోనే ‘పదివేల అడుగులు’ అని పెట్టారు. ఆ ప్రచారంతోనే ఆ అంకె ప్రపంచమంతా పాకింది.

వారం తర్వాత ఆ కాగితం చదువుతున్నప్పుడు మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోకండి. చూస్తున్నారంటే మారడం మనిషి స్వభావం. రాబర్ట్ జాయంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో దీని గురించి ఒక స్పష్టమైన సిద్ధాంతం చెప్పాడు. పక్కన ఎవరైనా ఉంటే బాగా అలవాటైన పని ఇంకా బాగా చేస్తాం, కొత్తగా నేర్చుకుంటున్న పనిలో తడబడతాం. నిఘా వల్ల అసలు నష్టం ఎక్కడుందో ఈ ఒక్క మాటలో తెలుస్తుంది. ఎప్పుడూ ఎవరో చూస్తున్నట్టుంటే మనిషి తనకు వచ్చిన పనులే చేసుకుంటూ పోతాడు. కొత్త ఆలోచన, కొత్త ప్రశ్న, అభిప్రాయం మార్చుకోవడం, తప్పులు చేస్తూ నేర్చుకోవడం, వీటికి ఎవరూ చూడని చోటు ఒకటి కావాలి.

అడుగు 2: చూసేది ఎవరో తేల్చుకోండి

మీరు రాసుకున్న ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టండి. తెలిసిన మనిషి చూస్తారనుకున్నారా? కంపెనీయా? ప్రభుత్వమా? లేక ఎవరో స్పష్టంగా తెలియని ‘ఎవరో’నా?

చాలామంది కాగితాల్లో తెలిసిన మనుషులే ఎక్కువగా కనబడతారని నా నమ్మకం. భయపడేది కంపెనీలకి, ప్రవర్తన మార్చుకునేది అమ్మ కోసం, బాస్ కోసం, పక్కింటివాళ్ల కోసం. ఈ తేడా తెలియాలి, ఎందుకంటే మందులు వేరు. కంపెనీ చూపుని సెట్టింగ్స్‌తో చాలావరకు తగ్గించొచ్చు. మనిషి చూపుకి సెట్టింగ్ మారిస్తే కొన్నిసార్లు గొడవ పెరుగుతుంది. అక్కడ మాట్లాడుకోవాలి.

‘ఎవరో’ అని రాసుకున్న వాటిని ఇంకోసారి చూడండి. జెరెమీ బెంథామ్ 1791లో ప్రచురించిన జైలు నమూనా పనిచేసేది ఈ ‘ఎవరో’ మీదే. మధ్యలో ఒక గోపురం, చుట్టూ గదులు. గోపురంలో కాపలాదారు ఉన్నాడో లేడో ఖైదీకి కనబడదు. అందుకని ఎప్పుడూ ఉన్నట్టే నడుచుకుంటాడు. మనం కూడా లేని చూపుకి లొంగిపోతున్న సందర్భాలు ఉండొచ్చు. వాటిని వేరుచేస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ఫోన్ మైక్ మన మాటలన్నీ విని ప్రకటనలు చూపిస్తోందన్న నమ్మకం ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. చెప్పకుండా మైక్ ఆన్ చేసి మాటలు పంపిస్తున్న యాప్ ఒక్కటీ వాళ్లకి కనబడలేదు. అయితే కొన్ని యాప్‌లు స్క్రీన్ మీద జరుగుతున్నదాన్ని వీడియోగా తీసి బయటికి పంపుతున్నట్టు బయటపడింది. మనం అనుమానించిన చోట ఏమీ లేదు, అనుకోని చోట ఉంది. మాటలు వినకుండానే మన ఆసక్తులు అంచనా కట్టడానికి మన సెర్చ్‌లు, లొకేషన్, కొన్న వస్తువులు, ఒకే వై-ఫై వాడే మనుషుల అలవాట్లు సరిపోతాయి.

అడుగు 3: ఫోన్‌తో ఒక గంట కూర్చోండి

ఇక్కడ చేయాల్సిన పని ఎక్కువే, ఫలితం కూడా ఎక్కువే. అన్నీ ఒకే రోజు చేయలేకపోతే లొకేషన్ ఒక్కటైనా చేయండి.

లొకేషన్‌కి అంత ప్రాధాన్యం ఎందుకంటే, పేరు తీసేసినా అది మనిషిని పట్టిస్తుంది. 15 లక్షల మంది మొబైల్ వినియోగదారుల డేటా మీద ఈవ్-అలెగ్జాండర్ ద మాంజాయ్ బృందం చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. ఏ సమయంలో ఎక్కడున్నారో చెప్పే నాలుగంటే నాలుగు బిందువులుంటే 95 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని అందులో తేలింది. రాత్రి ఎక్కడ నిద్రపోతారు, పగలు ఎక్కడ పనిచేస్తారు అన్న రెండింటితోనే మీరెవరో దాదాపు తెలిసిపోతుంది. మిగతా రెండూ ఒక ఆసుపత్రి, ఒక స్నేహితుడి ఇల్లు అనుకోండి.

సెట్టింగ్స్‌లో లొకేషన్ పర్మిషన్ల జాబితా తెరిచి పైనుంచి కిందికి ఒక్కో యాప్ చూడండి. ‘ఎప్పుడూ’ అని ఉన్నవాటిని ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’కి మార్చండి. వాతావరణం, వార్తలు, షాపింగ్ లాంటివాటికి మీరున్న వీధి తెలియాల్సిన పని లేదు. ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్‌లో 12 నుంచి కచ్చితమైన లొకేషన్ బదులు సుమారు ప్రాంతం మాత్రమే ఇచ్చే వీలుంది. అది వాడండి. టార్చ్, కాలిక్యులేటర్ లాంటివి లొకేషన్ అడిగాయంటే ఆ యాప్‌నే తీసెయ్యండి.

తర్వాత మైక్, కెమెరా, కాంటాక్టులు. వీటిలో కాంటాక్టుల గురించి మనం తక్కువ ఆలోచిస్తాం. ఆ పర్మిషన్ ఇస్తే మన స్నేహితుల నంబర్లు వాళ్లని అడగకుండా ఇచ్చేసినట్టే. ఇవ్వకపోయినా పనిచేసే యాప్‌లే ఎక్కువ. ఆండ్రాయిడ్ 12, ఆ పై వెర్షన్లలో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ ఉంటుంది. ఏ యాప్ ఏ సమయంలో మైక్ వాడిందో, కెమెరా తెరిచిందో అది చూపిస్తుంది. ఐఫోన్‌లో దాదాపు అదే పని యాప్ ప్రైవసీ రిపోర్ట్ చేస్తుంది. దాన్ని ఆన్ చేసి కొన్ని రోజులాగి చూడండి. స్క్రీన్ పైన కనబడే చిన్న చుక్కని గమనించడం కూడా అలవాటు చేసుకోండి. ఐఫోన్‌లో నారింజ రంగైతే మైక్, ఆకుపచ్చైతే కెమెరా లేదా రెండూ. ఆండ్రాయిడ్‌లో రెండింటికీ ఆకుపచ్చే.

ప్రకటనల ట్రాకింగ్ సులువుగా అయిపోతుంది. ఐఫోన్‌లో ప్రైవసీ విభాగంలోని ట్రాకింగ్‌కి వెళ్లి, యాప్‌లు అనుమతి అడగడాన్నే ఆపెయ్యండి. ఆండ్రాయిడ్‌లో ప్రైవసీలోని యాడ్స్‌కి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీని (ప్రకటనల కోసం మీ ఫోన్‌కి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) డిలీట్ చేయండి. ప్రకటనలు రావడం ఆగదు, మీ వెంట యాప్ నుంచి యాప్‌కి రావడం తగ్గుతుంది.

ఫొటోల సంగతి ఒకటి మర్చిపోతాం. కెమెరా యాప్‌కి లొకేషన్ ఇచ్చి ఉంటే ప్రతి ఫొటోలో అది తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, అదే ఫొటోని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తాయి. అపరిచితులకి వస్తువులు అమ్మేటప్పుడు, పిల్లల ఫొటోలు పంపేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అడుగు 4: భయం లేకుండా వెతకగలిగే చోటు ఒకటి ఏర్పాటు చేసుకోండి

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు. మనిషికి తెలియనిది అడిగే స్వేచ్ఛ పోతే మిగతావి ఉన్నా ఏం లాభం?

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇన్‌కాగ్నిటో మోడ్‌లో వెతికితే ఎవరికీ కనబడదనుకుంటాం. అది మీ పరికరంలో హిస్టరీ మిగలకుండా చూస్తుంది, అంతవరకే. మీరు వెళ్లిన సైట్‌కి, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కి మీ రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. క్రోమ్ ఇన్‌కాగ్నిటో మీద 2020లో అమెరికాలో గూగుల్‌పై దావా పడింది. వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది. అలాగని ఆ మోడ్ పనికిరాదని కాదు. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌లో తర్వాత కూర్చునేవాళ్లకి మీ సెర్చ్ కనబడకూడదంటే అదే సరైన సాధనం. రెండో అడుగులో ‘తెలిసిన మనిషి’ అని గుర్తుపెట్టుకున్న వాటికి అది చాలు.

కంపెనీ చూపు తగ్గాలంటే గూగుల్ అకౌంట్‌లో వెబ్, యాప్ యాక్టివిటీ అనే చోటికి వెళ్లండి. మీరు ఎన్నడో వెతికినవి తేదీల వారీగా కనబడతాయి. చూసి కంగారు పడకండి. అక్కడే 3, 18 లేదా 36 నెలలు దాటినవి వాటంతట అవే డిలీట్ అయ్యే ఏర్పాటు ఉంది. నేనైతే 3 నెలలే పెట్టమంటాను. అసలు నమోదే కాకుండా ఆపెయ్యొచ్చు కూడా. యూట్యూబ్ హిస్టరీకి విడిగా ఇదే పని చేయాలి.

ఆ తర్వాత ఒక బ్రౌజర్‌ని ప్రత్యేకంగా ఉంచుకోండి. అందులో ఏ అకౌంట్‌తోనూ లాగిన్ అవ్వొద్దు. ఫైర్‌ఫాక్స్, సఫారీ లాంటివి ఒక సైట్ కుకీలు (మనల్ని గుర్తుపట్టడానికి సైట్ మన బ్రౌజర్‌లో ఉంచే చిన్న ఫైళ్లు) ఇంకో సైట్‌లో మన వెంటపడకుండా ముందే అడ్డుకుంటాయి. ఆరోగ్యం, డబ్బు ఇబ్బందులు, చట్టం, మతం, రాజకీయం, లైంగికత, వీటి గురించి తెలుసుకోవాలనుకున్నప్పుడు అదే తెరవండి. ఆఫీసు లాప్‌టాప్ మాత్రం దీనికి పనికిరాదు. అందులో ఏ బ్రౌజర్ వాడినా యజమాని పెట్టిన సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌నే చూడగలదు.

ఈ ఏర్పాటంతా అయ్యాక, మొదటి వారంలో చెరిపేసిన ప్రశ్నల్లో ఒకదాన్ని అక్కడ పూర్తిగా టైప్ చేసి వెతకండి. సెట్టింగ్స్ మార్చి ఊరుకుంటే అలవాటు మారదు. ఆగిపోయిన పని మళ్లీ చేసినప్పుడే భయం తగ్గుతుంది.

అడుగు 5: బ్లూ టిక్, లాస్ట్ సీన్

వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో రీడ్ రిసీట్స్ తీసేస్తే మీరు చదివారో లేదో అవతలివాళ్లకి తెలియదు. వాళ్లు చదివారో లేదో మీకూ తెలియదు. ఈ రెండోదే అసలు లాభమని నా అభిప్రాయం, ఎందుకంటే టిక్‌ల కోసం ఎదురుచూడటం మనకూ తప్పుతుంది. గ్రూపుల్లో, వాయిస్ మెసేజ్‌లకి మాత్రం ఇది పనిచేయదు. లాస్ట్ సీన్‌తో పాటు ఆన్‌లైన్‌లో ఉన్నారన్న సంగతి కూడా దాచొచ్చు.

తీసేసే ముందు దగ్గరివాళ్లకి ఒక ముక్క చెప్పండి. ‘టిక్‌లు తీసేశాను, మెసేజ్ చూడగానే కాకుండా తీరిగ్గా జవాబిస్తాను, అర్జెంటైతే కాల్ చెయ్యి’ అంటే చాలు. చెప్పకపోతే ఉన్నట్టుండి ఏదో దాస్తున్నారని అనుకుంటారు.

అడుగు 6: ఇంట్లోని కెమెరాలు, స్పీకర్లు, టీవీ

ఇంట్లో ఏదో ఒక గదిలోనైనా కెమెరా గానీ, మాటలు వినే స్పీకర్ గానీ ఉండకూడదు. ఇందులో మినహాయింపులు వెతకొద్దు. పడకగది అయితే మంచిది. మనసు విప్పి మాట్లాడుకోవడానికి, ఏడవడానికి, గొడవపడి సర్దుకోవడానికి ఆ గది కావాలి.

కెమెరా అవసరమే. దొంగతనం జరిగితే, ముసలివాళ్లు ఒంటరిగా ఉంటే అది ధైర్యం. కానీ అది ఇంటి లోపలికి కాకుండా తలుపు వైపు చూడాలి. రింగ్ అనే కెమెరా కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో చర్య తీసుకుంది. ఉద్యోగులు, కాంట్రాక్టర్లు వినియోగదారుల సొంత వీడియోలు చూడగలిగేలా వదిలేసిందన్నది ఆరోపణల్లో ఒకటి. 58 లక్షల డాలర్లు కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. అంటే కెమెరా వీడియో క్లౌడ్‌లో (కంపెనీ సర్వర్లలో) ఉంటే ఇంటివాళ్లే కాక ఇంకెవరైనా చూసే వీలు ఉండొచ్చు. వీడియో ఇంట్లోనే మెమరీ కార్డులో ఉండే రకం తీసుకోండి. క్లౌడే అయితే రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టి, కొద్ది రోజులకే డిలీట్ అయ్యేలా చేయండి. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చేయాలి.

స్మార్ట్ స్పీకర్ యాప్‌లో వాయిస్ రికార్డింగుల హిస్టరీ ఉంటుంది. ఒకసారి విని చూడండి. మీరు పిలవనప్పుడు కూడా పొరపాటున రికార్డయినవి అందులో ఉండొచ్చు. వాటిని డిలీట్ చేసి, కీలకమైన మాటలప్పుడు మైక్ ఆపే బటన్ నొక్కేసే అలవాటు చేసుకోండి.

టీవీని ఎవరూ అనుమానించరు. స్మార్ట్ టీవీల్లో తెర మీద ఏం నడుస్తోందో గుర్తుపట్టి కంపెనీకి పంపే సదుపాయం ఉంటుంది. విజియో అనే కంపెనీ అనుమతి అడగకుండా ఇలా చేసినందుకు 2017లో 22 లక్షల డాలర్లు కట్టింది. టీవీ సెట్టింగ్స్‌లో ‘వ్యూయింగ్ డేటా’, ‘కంటెంట్ రికగ్నిషన్’ లాంటి పేర్లతో ఉండేదాన్ని ఆపెయ్యండి.

అడుగు 7: ఆఫీసులో

ఇక్కడ మన చేతిలో ఉన్నది తక్కువ. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్, ఫోన్, ఈమెయిల్ కంపెనీవే అనుకుని నడుచుకోవడం క్షేమం. సొంత పనులు సొంత ఫోన్‌లో, సొంత డేటాతో చేసుకోండి. ఆఫీసు వై-ఫైతో కాదు.

కానీ అడిగే హక్కు ఉంది, అడగాలి కూడా. ఏం నమోదవుతోంది, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, పనితీరు లెక్కల్లో అది వాడతారా? ఈ నాలుగు ప్రశ్నలు హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా పంపండి. ఒంటరిగా కాకుండా నలుగురు కలిసి పంపితే ఇంకా మంచిది. గట్టిగా అడిగితే మార్పు వస్తుంది. మైక్రోసాఫ్ట్ 2020లో తెచ్చిన ‘ప్రొడక్టివిటీ స్కోర్’లో ఒక్కో ఉద్యోగి పేరుతో సహా లెక్కలు కనబడేవి. విమర్శలు రావడంతో కొద్ది వారాల్లోనే పేర్లు తీసేసింది.

అడుగు 8: లొకేషన్ చూసుకునే కుటుంబాలు

అన్నిటికన్నా సున్నితమైనది ఇదే. లొకేషన్ షేరింగ్ ఎక్కువసార్లు ప్రేమతోనే మొదలవుతుంది. పాప రాత్రి ఆలస్యంగా వస్తోంది, నాన్న ఒంట్లో బాగోలేదు, అందుకని పెట్టుకుంటారు. అవసరం తీరాక ఎవరూ తీయరు. తర్వాత ఒకరోజు ‘ఆ వీధిలో ఎందుకాగావు?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ రోజు నుంచి చూస్తున్నవాళ్లకి ఆందోళన, కనబడుతున్నవాళ్లకి సంజాయిషీ రోజూ ఉండే పనులైపోతాయి.

దీన్ని మార్చాలంటే ముందుగా ఆఫ్ చేయొద్దు, కూర్చుని మాట్లాడండి. ‘నువ్వు చూడటం నాకు ఇష్టం లేదు’ అని మొదలుపెడితే మాట తెగుతుంది. ఇలా మొదలుపెట్టి చూడండి: ‘అమ్మా, నేను క్షేమంగా ఉన్నానని నీకు తెలియాలి, అది నాకూ కావాలి. రోజంతా మ్యాప్ మీద నా చుక్క కనబడే బదులు, బయల్దేరినప్పుడు ఒక మెసేజ్, చేరాక ఒక మెసేజ్ పెడతాను. రాత్రి ప్రయాణమైతే ఆ గంటసేపు లొకేషన్ ఆన్ చేస్తాను.’ గంటసేపు మాత్రమే లొకేషన్ పంపే వీలు వాట్సాప్‌లోనూ, గూగుల్ మ్యాప్స్‌లోనూ ఉంది. ప్రయాణం పూర్తయ్యేవరకు మాత్రమే పంపే వీలు గూగుల్ మ్యాప్స్‌లో ఉంది.

మీరు పిల్లల తల్లిదండ్రులైతే, చెప్పకుండా చూడటం వద్దు. చూస్తున్నట్టు వాళ్లకి తెలియాలి, వయసుతో పాటు తగ్గిపోవాలి, ఏ వయసులో ఎంత తగ్గుతుందో ముందే మాట ఇవ్వాలి. ఫోన్ చుక్కని చూసి ధైర్యం తెచ్చుకునే తల్లి ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ తప్పిపోయి దారి వెతుక్కోవడం, ఆలస్యమైతే తనే ఫోన్ చేసి చెప్పడం, ఈ రెండూ పిల్లలకి చుక్క నేర్పలేదు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. చూస్తున్న మనిషంటే మీకు భయమైతే, మీ ఫోన్‌లో వాళ్లే ఏదో పెట్టారని అనుమానమైతే, పై సలహా పాటించకండి. ట్రాకింగ్ ఆపగానే వాళ్లకి తెలిసిపోతుంది, దాంతో ప్రమాదం పెరగొచ్చు. ముందు వాళ్లకి అందని ఇంకో ఫోన్ నుంచి నమ్మకమైన మనిషితోనో, మహిళా సహాయ కేంద్రంతోనో, పోలీసులతోనో మాట్లాడి భద్రంగా ఉండే ఏర్పాటు చేసుకోండి. ఎవరెవరికి మీ లొకేషన్, ఫొటోలు అందుతున్నాయో ఐఫోన్‌లోని సేఫ్టీ చెక్ ఒకే చోట చూపిస్తుంది. సంచిలోనో, కారులోనో ఎవరైనా చిన్న బ్లూటూత్ ట్రాకర్ దాచి ఉంచితే ఇప్పుడు ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ చాలావరకు హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరిక వస్తే తిన్నగా ఇంటికి వెళ్లకుండా జనమున్న చోటికి వెళ్లి సాయం అడగండి. ట్రాకర్‌ని పారేసే ముందు ఫొటో తీసి ఉంచండి.

అడుగు 9: మీరు చూస్తున్నవాళ్ల జాబితా

మళ్లీ కాగితం తీయండి. ఈసారి మీరు ఎవరెవర్ని చూస్తున్నారో రాయండి. ఎవరి లాస్ట్ సీన్ వెతుకుతారు? ఎవరి లొకేషన్ పని లేకపోయినా తెరుస్తారు? ఇంట్లో పనిచేసే మనిషికి కెమెరా ఉందని చెప్పారా? డోర్‌బెల్ కెమెరాలో ఎదురింటి తలుపు పడుతోందా?

పనిమనిషికి కెమెరా ఎక్కడుందో, మాటలు కూడా రికార్డవుతాయో లేదో చెప్పండి. తను బట్టలు మార్చుకునే చోట, విశ్రాంతి తీసుకునే చోట ఉండకూడదు. డోర్‌బెల్ కెమెరా యాప్‌లో ఎదురింటి భాగాన్ని కనబడకుండా మూసే సదుపాయం ఉంటే వాడండి, లేకపోతే కోణం మార్చండి. ఇంటికి వచ్చిన అతిథులకి హాల్లో స్పీకర్ ఉందని చెప్పడం మర్యాద. స్నేహితుల ఫొటోలు పోస్ట్ చేసే ముందు అడగాలి, పిల్లల ఫొటోలైతే పిల్లల్నీ అడగాలి.

వాచీ, అడుగుల లెక్క, నిద్ర స్కోరు గురించి కూడా ఇక్కడే తేల్చుకోండి. ఆ లెక్క మీకు ఉపయోగపడుతోందా, లేక బాగా నిద్రపట్టిన రోజు కూడా స్కోరు చూశాకే హాయిగా ఉందా? రెండోదైతే కొన్నాళ్లు నోటిఫికేషన్లు ఆపి చూడండి. వ్యాయామ యాప్‌లో మీ దారుల మ్యాప్ అందరికీ కనబడకుండా తప్పకుండా మార్చండి. స్ట్రావా యాప్ ప్రచురించిన మ్యాప్‌లో సైనికులు పరుగెత్తిన గీతల వల్ల సైనిక స్థావరాల ఆకారాలే బయటపడ్డాయని 2018 జనవరిలో ప్రపంచానికి తెలిసింది. సైనిక స్థావరమే దాగనప్పుడు, రోజూ ఒకే గుమ్మం దగ్గర మొదలయ్యే మన పరుగు మన ఇంటిని ఇట్టే చూపిస్తుంది.

అడుగు 10: మానేసినవాటిని ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టండి

మొదటి కాగితంలోని వాక్యాల్లో మీకు నిజంగా లోటు అనిపించేవాటిని ఎంచుకోండి. అన్నీ తిరిగి తెచ్చుకోవాల్సిన పని లేదు. కోపంలో రాయబోయిన మెసేజ్ ఆగిపోతే మంచిదే అయింది. కానీ ఒంటరిగా కూర్చునే పార్కు, అడగలేకపోయిన ప్రశ్న, పాడటం మానేసిన పాట, ఎవరితోనూ పంచుకోని డైరీ, వీటిలో వారానికి ఒకటి మళ్లీ మొదలుపెట్టండి. పార్కుకి వెళ్లే గంటసేపు ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్లగలిగితే ఇంకా మంచిది. ముందు రెండుమూడుసార్లు చెయ్యి జేబు తడుముకుంటుంది, తర్వాత మానేస్తుంది.

మూడు సందర్భాల్లో మళ్లీ మూడో అడుగు నుంచి చూసుకోండి: ఫోన్ మార్చినప్పుడు, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు, ఎవరితోనైనా బంధం తెగినప్పుడో కొత్తగా కలిసినప్పుడో. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. విడిపోయిన మనిషి ఫోన్‌లో మీ లొకేషన్ ఇంకా కనబడుతూ ఉండొచ్చు, వాళ్ల లాప్‌టాప్‌లో మీ వాట్సాప్ ఇంకా తెరిచే ఉండొచ్చు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి తెలియని పరికరాలన్నీ లాగౌట్ చేయండి, ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, క్లౌడ్‌లో కలిసి వాడిన ఫొటో ఆల్బమ్‌ల నుంచి బయటికి రండి.